గోదావరి చెప్పలేదు

(అరణ్యకాండ ప్రవచనము)



నిన్నటి సాయంకాలము మారీచవధ వరకు చెప్పుకొన్నాము. ఈనాడు సీతాపహరణ ఘట్టము. ఈ ఘట్టమును ఏ ఊరిలో చెప్పినను వినువారి కన్నులు చెమర్చును. కాని భద్రాద్రిలో ఎవరును దీనిని ఎక్కడనో జరిగిన కథగా వినరు. దుమ్ముగూడెము దారిలో పర్ణశాల యున్నది. అమ్మవారు నారచీరలు ఆరవేసిన గుర్తులని అక్కడ రాళ్ళను చూపుదురు. ఇటు పట్టణము దాటగానే ఏటపాక. జటాయువు రెక్కలు తెగి పడిన చోటు గనుక అది జటాయుపాక అయినదనియు, జనుల నోట ఏటపాకగా మారినదనియు పెద్దలు చెప్పుదురు. 2014లో ఏటపాక ఆంధ్రప్రదేశ్‌లో కలిసినది, భద్రాచలము తెలంగాణములో నిలిచినది. పక్షిరాజునకు సరిహద్దులతో పని లేదు గనుక మన కథకు ఇబ్బంది లేదు.

ఈ ప్రవచనమునకు ముందు ధర్మకర్తలు మమ్ము ఒక కోరిక కోరినారు. పసిపిల్లలపై జరుగు అకృత్యములను గూర్చి, వాటిని గుర్తించుట, తెలియజేయుట, నివారించుట గూర్చి భక్తులకు నాలుగు మాటలు చెప్పుమన్నారు. నిజము చెప్పవలెనంటే మాకు మనస్కరించలేదు. దేవాలయ మంటపములో, స్త్రీలు పిల్లలు కూర్చున్న సభలో, ఇటువంటి మాటలా అనుకొన్నాము. డెబ్బది దాటిన వయస్సులో ఈ పని మాకెందుకనియు అనుకొన్నాము. ఆ రాత్రి నిద్ర పట్టక అరణ్యకాండము మరల తెరచినాము. వాల్మీకి మహర్షి ఈ మాటలే చెప్పియున్నాడు. ఇన్నాళ్ళు పారాయణము చేసిన మేమే వాటిని వినలేదు.

సీతమ్మ పసిబిడ్డ కాదు, లోకమాత. పోలిక అన్ని విధముల సరిపోదు. ఆ సంగతి మాకు తెలియును. ఐనను ఆ తల్లికి జరిగిన అపచారము ఏ తీరున జరిగినదో చూడండి.

రావణుడు పర్ణశాలకు ఎట్లు వచ్చినాడు? పది తలలతో, ఇరువది చేతులతో వచ్చినాడా? అట్లు వచ్చిన ఎవరైనను తలుపు తీయుదురా? కాషాయము ధరించినాడు. గొడుగు, పాదుకలు, దండము, కమండలువు. పైగా వేదఘోష చేయుచు వచ్చినాడని మహర్షి చెప్పినాడు. ఈ మాట వద్ద మా నోరు ఎప్పుడును తడబడును. మా జీవనమంతయు ఆ ఘోషయే గదా! సీతమ్మ ఏమి చేసినది? అతిథి వచ్చినాడు గనుక ఆసనము చూపినది, కాళ్ళు కడుగుకొనుటకు నీళ్ళిచ్చినది, ఆహారము సిద్ధమని పలికినది. ఇంటిలో ఆమెకు నేర్పిన మర్యాద అది. ఆ మర్యాదనే దుర్మార్గుడు తనకు ద్వారముగా చేసికొన్నాడు.

ఇక్కడ ఒక మాట. లక్ష్మణరేఖ దాటినది గనుకనే ఆమెకు ఆపద వచ్చినదని మనవారు చెప్పుకొందురు. వాల్మీకములో లక్ష్మణరేఖ లేదు. తరువాతివారు గీసిన గీత అది. ఆపదపాలైన వారిదే తప్పు అని చెప్పుటకు మనకు ఒక గీత కావలసి వచ్చినది, గీసినాము. ఈనాడును అంతే. బిడ్డకు అపచారము జరిగినదని తెలియగానే మన నోట వచ్చు మొదటి ప్రశ్న ఏది? "నీవు అక్కడికి ఎందుకు పోయినావు?" అని గదా!

పిల్లలకు కీడు చేయువాడు ముక్కు మొగము తెలియని బాటసారి యని మన నమ్మకము. చీకటి పడినాక బయటికి పోవద్దందుము, తెలియనివారు ఇచ్చినది తినవద్దందుము. అవి చెప్పవలసినవే. కాని 2007లో కేంద్రప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ ఒక పెద్ద అధ్యయనమును ప్రకటించినది. 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి వ్రాసిన గ్రంథమది. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడ వాటిలో ఒకటి. నూటికి 53 మంది పిల్లలు ఏదో ఒక రూపములో లైంగిక దుష్ప్రవర్తనకు గురియైనట్లు చెప్పినారు. చేసినవారిలో దాదాపు సగము మంది ఆ బిడ్డకు తెలిసినవారే, బిడ్డ నమ్మినవారే. ఇంకొక సంగతి మమ్ము మరింత కలవరపెట్టినది. బాధపడినవారిలో మగపిల్లలు ఆడపిల్లల కంటె తక్కువ లేరు, కొంచెము ఎక్కువే. మగపిల్లవానికేమి భయమని మనము నిశ్చింతగా యుందుము. ఆ నిశ్చింతకు ఆధారము లేదు.

దూరపు లెక్కలు ఎందుకు? మన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనే, కరోనా కారణముగా బడులు మూసియున్న 2020వ సంవత్సరములో, ఒక పల్లెలోని ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఐదుగురు చిన్నారి బాలికలపై అత్యాచారము చేసిన సంగతి డిసెంబరులో బయటపడినది. ఒక బిడ్డ అస్వస్థురాలు కాగా విషయము తెలిసినది. 2021లో న్యాయస్థానము ఆయనకు కారాగారశిక్ష విధించినది. ఊరి పేరు మేము చెప్పము. ఆ బిడ్డలు అక్కడ పెరుగవలసి యున్నది. చదువు చెప్పు అయ్యవారు రమ్మనినాడు, పిల్లలు పోయినారు. అయ్యవారు పిలిచిన పోవలెనని వారికి నేర్పినది మనమే.

మన అడవి అంచు పల్లెల సంగతి మీకు మాకంటె బాగుగా తెలియును. ఐదారేండ్ల బిడ్డను ఆశ్రమ పాఠశాలలో వేసి, కోయ తల్లి కన్నీరు తుడుచుకొని తిరిగి నడచిపోవును. ఇక పండుగకో సెలవులకో గాని బిడ్డను చూడదు. ఖమ్మము వైపు మిరప కోతలు మొదలైనచో ఛత్తీస్‌గఢ్ నుండి కూలివారు పిల్లలతో వచ్చి చేల గట్లపై గుడిసెలు వేసికొందురు. తెల్లవారకముందే తల్లిదండ్రులు చేనిలో యుందురు. వేసవిలో తునికాకు కాలము. చీకటితో అడవికి పోయినవారు పొద్దెక్కినాక తిరిగి వత్తురు. ఆ వేళలలో పిల్లలు ఎవరి కంటి ముందు యుందురు? పేదరికము తప్పు కాదు, కూలికి పోవుట తప్పు కాదు. ఆ ఖాళీ వేళ ఎవరికి తెలిసియున్నదో కనిపెట్టుట ఊరి పని.

ఇక గుర్తుల మాట. రావణుడు ఆకాశమార్గమున తీసికొనిపోవుచుండగా సీతమ్మ ఒక కొండపై ఐదుగురు వానరులను చూచినది. ఉత్తరీయములో నగలు మూటగట్టి, వారి నడుమ జారవిడిచినది. పిల్లలు చేయునది అదియే. పసిబిడ్డకు జరిగినదానిని చెప్పుటకు మాటలు లేవు. ఉన్నను భయము అడ్డుపడును. అందువలన ఒక్కొక్క నగ జారవిడుచును. ఆటపాటలు మానును. ఎన్నడో మానిన పక్క తడుపుట మరల మొదలగును. నిద్రలో ఉలిక్కిపడి అరచును. కారణము తెలియని కడుపునొప్పి యనును. మూత్రమునకు పోవునప్పుడు, కూర్చుండునప్పుడు నొప్పి యనును. ఒక మనిషి రాగానే తల్లి చీర కుచ్చెళ్ళలో దాగును. హాస్టలుకు పోననును, ఫలానావారి ఇంటికి పోననును. తన వయస్సునకు తెలియరాని దేహవిషయములు పలుకును. ఎవరిచ్చినారో చెప్పకుండ డబ్బో, కొత్త వస్తువో, సెల్‌ఫోనో తెచ్చును. వీటిలో ఒకటి కనబడగానే అపచారము జరిగినదని నిశ్చయించరాదు. పిల్లలకు వేరు భయములు, వేరు రోగములును ఉండును. కాని మూట జారిపడినప్పుడు విప్పి చూడవలెను గదా! సుగ్రీవుడు ఆ నగలను గుహలో భద్రము చేసినాడు గాని, రాముడు వచ్చువరకు ఎవరికిని చూపలేదు. ఆయన కష్టములు ఆయనవి. మన గుహలలో ఎన్ని మూటలున్నవో మనము చూచుకొనవలెను.

మా గుహలోని మూట ఒకటి చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట మిరప కోతల కాలములో ఒక ముసలమ్మ ఏడెనిమిదేండ్ల మనుమరాలిని మా అరుగు మీదికి తీసికొనివచ్చినది. "అయ్యగారూ, పిల్ల రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తంది. మళ్ళ పక్క తడుపుతంది. ఏదో గాలి సోకింది, రక్షరేకు కట్టండి" అన్నది. మేము మంత్రించి కట్టినాము. పది దినములకు మరల వచ్చినది. మరల కట్టినాము. మా కోడలు లోపలి నుండి చూచుచున్నది. వారు పోయినాక, "మామయ్యగారూ, ఆ పిల్లకు గాలి కాదు, భయం. ఎవరిని చూసి భయమో అడిగారా?" అన్నది. మేము అడుగలేదు. మాకు ఆ ప్రశ్నయే తోచలేదు.

మూడవసారి వచ్చినప్పుడు మా కోడలు ఆ పిల్లను పెరటిలోనికి తీసికొనిపోయి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని ముగ్గు వేయుచు మాటలాడినది. తొందరపడలేదు. గుచ్చి గుచ్చి అడుగలేదు. ఆ బిడ్డ తలయెత్తకుండ, ముగ్గును చూచుచు, ఇంటికి దగ్గరివాడైన ఒక మనిషి పేరు చెప్పినది. మా కోడలు మాతో చెప్పి, టెలిఫోను చేయుటకు లేచినది. అప్పుడు మేమన్న మాట ఈ సభలో చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. "మనకెందుకు తల్లీ, వారి ఇంటి వ్యవహారము. పిల్లకు రేపు పెండ్లి కావలె" అన్నాము. ఆమె నిలబడి, "మామయ్యగారూ, వచ్చే వారం మళ్ళీ రక్షరేకు కోసం వస్తుంది. మీరు మళ్ళీ కడతారా?" అన్నది. వేదము చదివిన మాకు సమాధానము దొరకలేదు. ఆమె టెలిఫోను చేసినది. అధికారులు వచ్చినారు. బిడ్డ ఇప్పుడు వేరొక చోట క్షేమముగా చదువుకొనుచున్నది. రక్షరేకు కట్టుటను మేము తప్పనము, ఇప్పటికిని కట్టుదుము. కట్టి ఊరకుండుట తప్పు.

ఇప్పుడు గోదావరి దగ్గరకు వత్తము.

అపహరింపబడుచున్నప్పుడు సీతమ్మ చెట్లకు మ్రొక్కినది, మృగములకు చెప్పినది, గోదావరికి నమస్కరించి, "రామునితో చెప్పుమమ్మా" యని వేడుకొన్నది. గోదావరి విన్నది. తరువాత రాముడు వచ్చి ఒడ్డున నిలిచి, "సీత ఎక్కడ?" యని అడిగినాడు. భూతములన్నియు చెప్పుమని ప్రోత్సహించినవి. గోదావరి చెప్పలేదు. ఎందుకు? రావణుని రూపమును, వాని చేతలను తలచుకొని భయపడినది. మహర్షి దాచలేదు, భయము చేత పలుకలేదని స్పష్టముగా వ్రాసినాడు. మనము ప్రతిదినము స్నానము చేయు తల్లి, పుష్కరాలకు లక్షలమంది మునుగు తల్లి, ఆ ఒక్క వేళ మాటలాడలేదు. నోరులేని లేళ్ళు మాత్రము దక్షిణదిక్కునకు మొగము త్రిప్పి, ఆకాశము వంక చూచి, దారి సూచించినవి.

ఆ శ్లోకములు చదువునప్పుడు మాకు నదిపై కోపము రాదు. మేమును ఆ నదియే.

మేము ఒక పాఠశాలలో అధ్యయనము చేసినాము. దాని పేరు, ఊరు చెప్పము. మా గురువులు దేవతుల్యులు. మాకు పదమూడేండ్లున్నప్పుడు ఎనిమిదేండ్ల పిల్లవాడొకడు వచ్చి చేరినాడు. చక్కని కంఠము. ఒకసారి సంత చెప్పిన పట్టుకొనువాడు. మూడు నాలుగు నెలలకు వానికి స్వరము తప్పుట మొదలైనది. ఉదాత్తము అనుదాత్తమగును. వచ్చిన పనసయు మరచును. అందుకు దెబ్బలు తినినాడు. అక్కడ కొట్టుగది చూచు పెద్దమనిషి యొకడుండెను. బియ్యము కొలిచి ఇచ్చుటకని, బెల్లము పెట్టెదనని వానిని పిలుచుచుండెను. రాత్రులందు ఆ పిల్లవాడు మా ప్రక్కకు జరిగి, మా ఉత్తరీయపు అంచు పిడికిట పట్టుకొని పండుకొనువాడు. ఒక రాత్రి, "అన్నా, నన్ను కొట్టుగదికి పంపవద్దని గురువుగారితో చెప్పవా?" అన్నాడు. "రేపు చెప్పెదను" అన్నాము.

మాకు తెలియదా? తెలియును. పేరు పెట్టుటకు మాట తెలియదు గాని, సంగతి తెలియును. చెప్పిన నన్నే కొట్టుదురేమో, పాఠశాలకు అప్రతిష్ఠయేమో, నా చదువు ఆగునేమో. ఇవి పదమూడేండ్ల బాలుని భయములు. ఆ రేపు రాలేదు. పిల్లవాడు పారిపోయినాడు. పేద తండ్రి వెదకి తెచ్చి, చదువునకు బద్ధకించినాడని అందరి ముందు కొట్టి, మరల అప్పగించిపోయినాడు. రెండు నెలలకు మరల పోయినాడు. ఇక రాలేదు.

ముప్పదియేండ్లు గడచినాక కొత్తగూడెము బస్టాండులో ఒక మనిషి మమ్ము పేరు పెట్టి పిలిచినాడు. మేము గుర్తుపట్టలేదు. కంఠము విని గుర్తుపట్టినాము. కుశలప్రశ్నలైనవి. టీ త్రాగినాము. బస్సు కదలునప్పుడు, "అన్నా, నీకు వేదము బాగా వచ్చినదట. నీవు ఆనాడు చెప్పియుంటే నాకూ వచ్చేది" అన్నాడు. కోపముగా అనలేదు. అందుకే అది మమ్ము వదలలేదు.

అమ్మలారా, అయ్యలారా! మమ్ము నిందించుకొనుటకు ఇది చెప్పలేదు. మీలో ఎవరి పిడికిటిలో ఎవరి ఉత్తరీయము ఉన్నదో మాకు తెలియదు గనుక చెప్పినాము.

ఇక జటాయువు. ఆ మహానుభావుడు ఆ వేళ ఏమి చేయుచున్నాడు? నిద్రలో నున్నాడు. మనవలెనే. అమ్మవారి ఆక్రందనము చెవిన పడి కన్ను తెరచినాడు. అరువది వేల యేండ్ల వృద్ధుడు. ఎదుటివాడు యువకుడు, సాయుధుడు, రథమెక్కినవాడు. ముదిమిని సాకుగా చెప్పలేదు. మొదట ధర్మము చెప్పినాడు, వినకున్న అడ్డుపడినాడు. రెక్కలు తెగి పడినాడు. ఆపలేకపోయినాడు. కాని ప్రాణము నిలుపుకొని యుండి, రాముడు రాగానే చెప్పినాడు. రావణుడు తీసికొనిపోయినాడు, దక్షిణముగా పోయినాడు, విశ్రవసుని కొడుకు, కుబేరుని తమ్ముడు అని చెప్పుచుండగానే ప్రాణము పోయినది. వాడుండు చోటు చెప్పలేదు. అది తరువాత సంపాతి చెప్పినాడు, హనుమంతుడు పోయి చూచినాడు. జటాయువు తనకు తెలిసినంత చెప్పినాడు. తక్కినది తెలిసికొనుట ఇతరుల పని.

మన చట్టము కూడ అంతకు మించి అడుగలేదు. 2012 నవంబరు 14 నుండి పోక్సో అను చట్టము అమలులో నున్నది. పదునెనిమిదేండ్లు నిండని ప్రతి బిడ్డకు, ఆడయైనను మగయైనను, అది వర్తించును. లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు, జరుగునేమోయని అనుమానము కలిగినవారు కూడ పోలీసులకు తెలియజేయవలెను. ఇది ఇష్టమైన చేయు పుణ్యకార్యము కాదు, విధి. తెలిసి చెప్పనివారికి ఆరు నెలల వరకు కారాగారము గాని, జరిమానా గాని, రెండును గాని కలుగవచ్చును. తన క్రింద పనిచేయువాడు చేసిన దానిని దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరము వరకు శిక్ష, జరిమానా. పాఠశాల పరువు, ఆశ్రమము పరువు, దేవస్థానము పరువు అని దాచుటకు చట్టములో తావు లేదు. సద్బుద్ధితో చెప్పినవారిపై మాత్రము కేసు ఉండదు. ఋజువులు తెమ్మని మిమ్ము ఎవరును అడుగరాదు. ఋజువు చేయుట పోలీసుల పని, న్యాయస్థానము పని.

ఎవరికి చెప్పవలెను? 1098 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. 1996లో బొంబాయిలో పిల్లల కొరకు మొదలైన చైల్డ్‌లైన్ సంఖ్య అది. ఇప్పుడు ప్రభుత్వములే నడుపుచున్నవి. పగలు రాత్రి పనిచేయును, డబ్బు పడదు, బిడ్డ తానే చేయవచ్చును. ప్రాణాపాయమైన 112. లేదా దగ్గరి పోలీసు స్టేషను. పోలీసులనగానే మనవారు జంకుదురు. బిడ్డ మాటను బిడ్డ ఇంటి వద్దనో, బిడ్డ కోరిన చోటనో వ్రాసికొనవలెను. వీలైనంత వరకు మహిళా అధికారి రావలెను. యూనిఫారము వేసికొని రాకూడదు. రాత్రివేళ ఏ బిడ్డను స్టేషనులో నుంచరాదు. ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితికి తెలుపవలెను. ఆడపిల్లను మహిళా వైద్యురాలే పరీక్షించవలెను. అత్యవసర చికిత్సకు కాగితములు తెమ్మని ఆసుపత్రివారు ఆపరాదు. ఇవన్నియు చట్టములోని మాటలు. ఎక్కడనైనను ఇట్లు జరుగకున్న, జరుగవలెనని అడుగు హక్కు మీకున్నది.

జరిగి ఎక్కువసేపు కాకున్న బిడ్డకు స్నానము చేయింపక, బట్టలు ఉతుకక, నేరుగా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మనకు మైల భావన యున్నది, మొదట తలమీద నీళ్ళు పోయవలెననిపించును. ఆగండి. బిడ్డకు మైల లేదు. ఆ నీళ్ళతో సాక్ష్యము పోవును.

బిడ్డ చెప్పునప్పుడు ఎట్లు వినవలెను? ఏడ్వవద్దు, అరువవద్దు, వాని పని పట్టెదనని కత్తి తీయవద్దు. నీ భయము చూచి బిడ్డ నోరు మూసికొనును. "నీవు చెప్పి మంచిపని చేసినావు, ఇందులో నీ తప్పు లేదు" అని చెప్పవలెను. ఎవరికిని చెప్పనని ఒట్టు పెట్టవద్దు, ఆ ఒట్టు నిలుపలేవు. చెప్పినదానినే నలుగురి ముందు నాలుగుసార్లు చెప్పించవద్దు. ఊరిలో పేరు చాటవద్దు. బిడ్డ పేరు, ఫొటో, బడి బయటపెట్టుటయు నేరమే.

మన పల్లెలలో ఇంకొక ఆచారమున్నది. పెద్దమనుషులు కూర్చుండి, తప్పు పెట్టి, డబ్బు ఇప్పించి, కడుపున పెట్టుకొమ్మందురు. లేదా ఆ చేసినవానికే పిల్లనిచ్చి పెండ్లి చేయుమందురు. రావణునికే సీతనిచ్చి సంధి చేసికొమ్మని రామునితో చెప్పినట్లు లేదా? మాల్యవంతుడు, విభీషణుడు కూడ సీతను తిరిగి ఇచ్చివేయుమని రావణునికే చెప్పినారు గాని, రామునితో సరిపెట్టుకొమ్మని ఎవరును అనలేదు.

పెండ్లి మాట వచ్చినది గనుక మా పురోహిత సోదరులకు ఒక మాట. 2006 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు, ఇరువదియొక్కటి నిండని బాలునికి వివాహము జరిపించిన పురోహితునికి కూడ రెండేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా కలుగవచ్చును. భార్యయైనను పదునెనిమిది నిండనిచో ఆమెతో కాపురము అత్యాచారమే యగునని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సంభావన కొరకు ముహూర్తము పెట్టునప్పుడు జన్మపత్రికతో పాటు జనన ధ్రువపత్రము కూడ అడుగండి. మేము అడుగుచున్నాము. కొందరు కోపగించి వేరొకరిని పిలుచుకొన్నారు. పిలుచుకొననిండు.

చెప్పినవారికి కష్టములుండవా? ఉండును. ఆ సంగతియు వాల్మీకి దాచలేదు. నెత్తురోడుచు పడియున్న జటాయువును చూచి రాముడు మొదట ఏమనుకొన్నాడు? పక్షిరూపములోని రాక్షసుడు, సీతను తినినవాడు వీడేయని విల్లు ఎక్కుపెట్టినాడు. సాక్షాత్తు రాముడు! చెప్పవచ్చినవానిపైననే మొదటి అనుమానము. మీపైనను వచ్చును. "నీకెందుకు, నీకేమి లాభము, పాత కక్షయా?" అందురు. జటాయువు నొచ్చుకొని మాట మ్రింగలేదు. విన్నాక రాముడు విల్లు పారవైచి, ఆ పక్షిని కౌగిలించుకొని ఏడ్చినాడు. తండ్రికి చేసినట్లు దహనము చేసి, గోదావరిలోనే ఉదకము విడిచినాడు. మాట పలుకని ఆ నదియే, పలికినవానికి తర్పణోదకమైనది.

నివారణకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. పిల్లలకు శరీరావయవముల పేర్లు సిగ్గులేకుండ నేర్పండి. కప్పుకొను చోట్లను ఎవరును తాకరాదనియు, రోగమైనప్పుడు తల్లి ఎదుట వైద్యుడు చూడవచ్చుననియు చెప్పండి. పెద్దల మాట వినవలెనని చెప్పునప్పుడే, దేహము విషయములో వద్దనుటకు నీకు అధికారమున్నదని కూడ చెప్పండి. "అమ్మకు చెప్పవద్దు" అని ఎవరన్నను ఆ మాటనే మొదట అమ్మకు చెప్పుమనండి. ముద్దు పెట్టుమని, ఒడిలో కూర్చుండుమని బిడ్డను బలవంతపెట్టకండి, ఆ పెద్దవాడు తాతయైనను. సెల్‌ఫోనులో ఎవరితో మాటలాడుచున్నాడో చూడండి. హాస్టలులో బిడ్డ నున్నచో సెలవుల వరకు ఆగక, సంత దినము వచ్చినప్పుడైనను ఒక్కసారి పోయి, వార్డెను లేనిచోట మాటలాడండి.

గురువులము, అర్చకులము, ప్రవచనము చెప్పువారము. మాకును ఒక నియమము కావలెను. ఒక బిడ్డతో ఒంటరిగా తలుపు మూసి పాఠము చెప్పరాదు. మా ఇంటి అరుగు మీదనే ఇప్పుడు సంత చెప్పుచున్నాము, వీధిలో పోవువారికి కనబడును. వేదఘోష చేయుచు వచ్చినవాడు ఎవడో మనకు తెలియును గనుక, మమ్ము అనుమానించుటకు మీకు సంకోచము వద్దు.

ఇక మంగళహారతికి వేళయైనది. ఒక విన్నపము. ఈ మంటపము వెలుపలి గోడపై పూజావేళల పలక ప్రక్కన 1098 అను సంఖ్యను వ్రాయించుమని ధర్మకర్తలను కోరినాము. అంగీకరించినారు. పెద్దలకు కనబడునట్లు పైన వ్రాసినచో పిల్లలకు అందదు గనుక, నడుము ఎత్తులో వ్రాయించినాము. ఈ మధ్యాహ్నమే వ్రాసినారు. రంగు ఇంకను ఆరలేదు, పోవునప్పుడు పట్టుబట్టలు తగులకుండ చూచుకొనండి.